గవ్వలతో గణితం: ప్రయోగాత్మక సంభావ్యత

అమెరికా పాఠశాలల్లో ఏడవ తరగతికి వచ్చేసరికి మన పిల్లలకు సంభావ్యత అనే పాఠం ఎదురవుతుంది. ఒక సంచిలో మూడు ఎర్ర గోళీలు, రెండు నీలం గోళీలు ఉన్నాయి. చూడకుండా ఒకటి తీస్తే ఎర్రది వచ్చే అవకాశం ఎంత? ఇటువంటి ప్రశ్నకు పిల్లలు తడుముకోకుండా 3/5 అని చెబుతారు. రెండు పుటలు తిప్పితే ప్రయోగాత్మక సంభావ్యత అనే మరో మాట కనిపిస్తుంది. దాని నిర్వచనం ఒక్క వాక్యం. ఒక ఘటన ఎన్నిసార్లు జరిగిందో ఆ సంఖ్యను, మొత్తం చేసిన ప్రయత్నాల సంఖ్యతో భాగించాలి. భాగహారం తేలికే. అయితే మొదటి పద్ధతి చేతిలో ఉండగా ఈ రెండవది ఎందుకు అన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు తృప్తికరమైన సమాధానం ఇవ్వవని నా అభిప్రాయం. నాణెం, పాచిక, గోళీల సంచి, ఇవన్నీ జవాబు ముందే తెలిసిన వస్తువులు. తెలిసిన జవాబు కోసం నాణేన్ని యాభైసార్లు ఎగరవేయమంటే పిల్లలకు అది వట్టి తంతుగానే తోస్తుంది.

జవాబు ముందుగా తెలియని వస్తువు మన ఇళ్ళలోనే ఉంది. అది గవ్వ.

అష్టాచెమ్మా ఆట పెద్దలందరికీ గుర్తుండే ఉంటుంది. నాలుగు గవ్వలు చేతిలో గలగలలాడించి నేలమీద వేస్తాము. ఎన్ని గవ్వలు వెల్లకిలా పడితే అన్ని గళ్ళు కాయ జరుగుతుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. గవ్వకు ఒకవైపు గుండ్రని వీపు, మరొకవైపు పళ్ళ వరుసలున్న నోరు. రెండు వైపులూ సమానం కావు. కనుక వెల్లకిలా పడే సంభావ్యత సగమని చెప్పడానికి మన దగ్గర ఏ ఆధారమూ లేదు. సూత్రం పెట్టి లెక్క కట్టడానికి వీలులేదు; గవ్వను వేసి చూడవలసిందే. ఇక్కడ ప్రయోగం సిద్ధాంతానికి తోకగా రాదు. ఉన్న దారి అదొక్కటే.

ఒక గవ్వను 200 సార్లు వేస్తే 84 సార్లు వెల్లకిలా పడిందనుకుందాం. ప్రయోగాత్మక సంభావ్యత 84/200, అంటే 0.42. బోర్లా పడే సంభావ్యత 0.58. మిగిలిన మూడు గవ్వలూ అటువంటివే అయితే, ఒకటి పడే తీరు మరొకదాని మీద ఆధారపడదని అనుకుంటే, నాలుగూ వెల్లకిలా పడే సంభావ్యత 0.42 × 0.42 × 0.42 × 0.42, అంటే సుమారు 0.031. నాలుగూ బోర్లా పడేది 0.58ని నాలుగుసార్లు గుణించగా వచ్చే 0.113. నూటికి మూడు చెమ్మాలు, పదకొండు అష్టాలు! గవ్వ నిష్పక్షపాతి అని భ్రమించి సగం సగం లెక్క వేసినవారు రెండింటికీ 1/16 చొప్పున, అంటే నూటికి ఆరు చొప్పున ఆశిస్తారు. ఈ గవ్వలతో ఆడేవారికి అష్టా ఎక్కువగా పడడం అదృష్టమేమీ కాదు. అది గవ్వ ఆకారంలోనే ఉన్న గుణం. మీ ఇంటి గవ్వలకు అంకెలు వేరుగా ఉండవచ్చు, తలకిందులు కూడా కావచ్చు. అందుకే ఎవరి గవ్వలకు వారే లెక్క వేసుకోవాలి.

గుణకారం చేసే ముందు పెట్టుకున్న షరతును కూడా పరీక్షించవచ్చు. గుప్పిట్లో గవ్వలు ఒకదానినొకటి తాకుతాయి, నేలమీద ఢీకొంటాయి. నాలుగింటినీ కలిపి 200 సార్లు వేసి, చెమ్మా ఆరుసార్లకు, అష్టా ఇరవైమూడుసార్లకు దరిదాపుల్లో పడుతున్నాయో లేదో పిల్లల చేత చూపించండి. గవ్వలు దొరకని ఊళ్ళో చింతపిక్కలను ఒకవైపు తెల్లబడేదాకా బండమీద అరగదీసి వాడుకోవచ్చు. మన అమ్మమ్మలు చేసిన పనే అది.

ఇక అసలు చిక్కు. 84 బదులు ఇంకోసారి 91 రావచ్చు, 79 రావచ్చు. అప్పుడు 0.42ను ఎంతవరకు నమ్మాలి? నేను రసాయన శాస్త్రం వాడిని. ప్రయోగశాలలో ఒక ద్రావణపు గాఢతను చెప్పేటప్పుడు దాని పక్కన దోష పరిమితి రాయకపోతే ఆ అంకెను ఎవరూ లెక్కచేయరు. బడిలో మాత్రం పిల్లలు 0.42 అని రాసి కింద గీత గీసి ఊరుకుంటారు. ఆ పరిమితిని కనుక్కోవడానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. ప్రయత్నాల సంఖ్యకు వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగించండి. సంభావ్యత సగానికి సమీపంలో ఉన్నంతవరకు, నూటికి తొంభైఅయిదు సందర్భాలలో నిజమైన విలువ ఆ మేరకు అటూ ఇటూ ఉంటుంది. 200కు వర్గమూలం 14 చిల్లర. పరిమితి సుమారు 0.07. కనుక మన గవ్వ గురించి నిజాయితీగా చెప్పగలిగింది 0.35కు, 0.49కి మధ్య అని మాత్రమే. ఆ రెండు అంచులనూ నాలుగేసిసార్లు గుణిస్తే చెమ్మా సంభావ్యత 0.015 నుంచి 0.058 దాకా పాకుతుంది. ఒక గవ్వ విషయంలో ఉన్న చిన్న అనిశ్చితి నాలుగు గవ్వలకు వచ్చేసరికి ఎంత పెరిగిందో చూడండి. దీన్ని సగానికి తగ్గించాలంటే ప్రయత్నాలు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. అంటే 800 సార్లు వేయాలి. శనివారం మధ్యాహ్నం ఇద్దరు పిల్లలకు సరిపడా పని.

ఇంతకంటే తెలివైన పద్ధతితో, అవే 200 వేతలనుండి మరింత కచ్చితమైన అంచనా రాబట్టలేమా అని చురుకైన పిల్లలు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు మనవాడి పేరుతోనే ముడిపడి ఉంది. 1920లో బళ్ళారి ప్రాంతపు హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరిన సి. ఆర్. రావు 1945లో ఒక ఫలితాన్ని ప్రచురించారు. నేడు దాన్ని క్రామెర్-రావు అసమానత అంటారు. ఇచ్చిన దత్తాంశం నుండి పక్షపాతం లేకుండా కట్టే ఏ అంచనాలోనైనా చెదురు ఒక కనీస స్థాయికంటే తగ్గదని అది నిరూపిస్తుంది. విశేషమేమంటే, పిల్లలు బడిలో చేసే ఆ సాధారణ భాగహారం సరిగ్గా ఆ కనీస స్థాయినే అందుకుంటుంది. ఏడవ తరగతి లెక్కను మించిన నిష్పాక్షికమైన అంచనా లేదన్నమాట! అమెరికాలోనే చాలాకాలం పనిచేసిన రావుగారు 2023లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ సంవత్సరమే ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది.

ప్రయత్నాలు పెరిగినకొద్దీ ప్రయోగాత్మక సంభావ్యత ఒక స్థిరమైన విలువకు చేరువవుతుందని 1713లో వెలువడిన జాకబ్ బెర్నూలీ గ్రంథం నిరూపించింది. దీనినే పెద్ద సంఖ్యల నియమం అంటారు. ఈ నియమాన్ని చేతితో చేసి చూపినవాడు జాన్ కెరిచ్. దక్షిణాఫ్రికాలో పనిచేసిన ఈ గణితశాస్త్రజ్ఞుడు 1940లో డెన్మార్క్ వెళ్ళినప్పుడు జర్మన్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. నిర్బంధ శిబిరంలో ఉండిపోయిన ఆయన కాలక్షేపానికి ఒక నాణేన్ని పదివేలసార్లు ఎగరవేసి ప్రతి ఫలితాన్నీ రాసిపెట్టాడు. మొదటి 100లో బొమ్మ 44 సార్లు పడింది. 1000 పూర్తయ్యేసరికి 502. 10,000కు 5067.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చదువుకున్న పెద్దలు కూడా ఇక్కడే పొరపడతారు. నూరు వేతల దగ్గర బొమ్మలు సగానికి 6 తక్కువ. పదివేల దగ్గర సగానికి 67 ఎక్కువ. అంటే లెక్కలో తేడా తగ్గలేదు, పదింతలకు పైగా పెరిగింది. నిష్పత్తిలో తేడా మాత్రం 0.06 నుంచి 0.0067కు పడిపోయింది. మొదట్లో తగ్గిన బొమ్మలను నాణెం గుర్తుపెట్టుకుని తరువాత సర్దుబాటు చేయలేదు. మా శాస్త్రపు భాషలో చెప్పాలంటే, ఆమ్లాన్ని క్షారంతో తటస్థీకరించడం వేరు, నీళ్ళు పోసి పలుచన చేయడం వేరు. పెద్ద సంఖ్యల నియమం చేసేది ఈ రెండవ పని.

దీన్ని గ్రహించనివారే అష్టా చాలాసేపటినుంచి పడలేదు కనుక ఈసారి తప్పక పడుతుందంటారు. ఆటలో ఈ మాటవల్ల నష్టం లేదు. కాని మన ఇళ్ళలో ఇదే మాట మరో సందర్భంలో వినిపిస్తుంది. "ఇద్దరూ ఆడపిల్లలే కదా, ఈసారి మగపిల్లాడే, రాసిపెట్టుకోండి" అని చుట్టాలు చెబుతుంటారు. మొదటి ఇద్దరూ ఎవరన్నది మూడవ పుట్టుకకు లెక్కలేదు.

అయితే శిశువు విషయంలోనూ సంభావ్యత కచ్చితంగా సగం కాదు. లండన్‌లో 1629 నుంచి 1710 వరకు 82 సంవత్సరాల బాప్తిస్మ నమోదులను జాన్ ఆర్బత్నాట్ పరిశీలిస్తే ప్రతి సంవత్సరమూ మగపిల్లలే ఎక్కువ. ఇప్పటి అంచనా ప్రకారం, మనుషుల జోక్యం లేనప్పుడు సుమారు 100 మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుడతారు. 105ను 205తో భాగిస్తే 0.512. మరో విధంగా చెబితే 1000 మంది మగపిల్లలకు 952 మంది ఆడపిల్లలు.

ఇప్పుడు భారతదేశపు జనాభా లెక్కలు చూడండి. ఆరేళ్ళలోపు పిల్లలలో 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991లో 945, 2001లో 927, 2011లో 919. చివరి అంకె ప్రకారం మగపిల్లల భాగం 1000/1919, అంటే 0.521. ఉండవలసిన 0.512కు, దీనికి తేడా 0.009. చిన్న తేడాలా కనిపిస్తుంది. 200 గవ్వల వేతలలో అయితే ఇది లెక్కలోకే రాదు. కాని 2011లో ఆ వయసు పిల్లలు 16 కోట్లకు పైగా ఉన్నారు. వర్గమూలం తీసి చూస్తే దోష పరిమితి 0.0001 లోపే. కనిపించిన తేడా దానికి సుమారు వంద రెట్లు. సహజ నిష్పత్తి 105 కాదు 106 అని వాదించినా ఈ అగాధం పూడదు. యాదృచ్ఛికతకు ఇందులో తావు లేదు. గర్భంలోనే లింగనిర్ధారణ చేయించడాన్ని 1994 నాటి చట్టం నిషేధించినా ఆ పని సాగింది. పుట్టిన ఆడపిల్లల ఆరోగ్యం పట్ల నిర్లక్ష్యమూ ఈ అంకెలో కలిసి ఉంటుంది.

సముద్రాలు దాటి వచ్చాము కనుక ఇది మనకు సంబంధించినది కాదని అనుకోకూడదు. డగ్లస్ ఆల్మండ్, లీనా ఎడ్లుండ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు అమెరికాలోని 2000 జనాభా లెక్కల నుండి చైనా, కొరియా, భారతదేశాలకు చెందిన తల్లిదండ్రుల కుటుంబాలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మొదటి సంతానంలో నిష్పత్తి సహజంగానే ఉంది. మొదటి ఇద్దరూ ఆడపిల్లలైన కుటుంబాలలో మాత్రం మూడవ సంతానంగా ప్రతి 100 మంది ఆడపిల్లలకు సుమారు 150 మంది మగపిల్లలున్నారు. 150ని 250తో భాగిస్తే 0.60. మూడవ పుట్టుకకు మొదటి రెండింటి జ్ఞాపకం ఉండదని పైన చెప్పుకున్నాము. జ్ఞాపకం ఉన్నది తల్లిదండ్రులకు, వారి మీద ఒత్తిడి తెచ్చే బంధువులకు. ఈ లెక్కను ఏడవ తరగతి పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, స్వయంగా వేయగలరు. వారు వేసి అడిగే ప్రశ్నకు పెద్దలు సిద్ధంగా ఉండాలి.

పిల్లలకు ఒక అభ్యాసం ఇచ్చి ముగిస్తాను. ముగ్గురు పిల్లలున్న కుటుంబాలు వంద ఉన్నాయనుకోండి. ఆడపిల్ల పుట్టే సంభావ్యత 0.488గా తీసుకుంటే, ముగ్గురూ ఆడపిల్లలే అయిన కుటుంబాలు ఎన్ని ఉండాలి? గుణిస్తే దాదాపు పన్నెండు వస్తాయి. ఈసారి ఉగాది విందులో అటువంటి కుటుంబాలను నిజంగానే లెక్కపెట్టి చూస్తే పన్నెండు శాతం కంటే ఎక్కువే కనిపించవచ్చు. గవ్వలలో లోపం వెతకకుండా, మీరు లెక్కించిన కుటుంబాలు ఏ విధంగా ముగ్గురు పిల్లల కుటుంబాలయ్యాయో ఆలోచించండి. ఇద్దరు ఆడపిల్లలున్నవారు, ఒక అమ్మాయి ఒక అబ్బాయి ఉన్నవారు, వీరిలో మూడవ సంతానం దాకా వెళ్ళేది ఎవరు ఎక్కువ?