పంతులుగారు కాదన్న రోజుల్లో పెళ్లి పని

అమెరికాలో డిసెంబరు 31 రాత్రి పెళ్లి చేసుకున్నా సరే, ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఏడాదంతా దంపతులుగా ఉన్నట్టే. సెలవులు, చుట్టాల రాక, కొత్త సంవత్సరం సందడికి ఈ పన్ను సంగతీ తోడవుతుంది కాబట్టి ఏడాది చివరి వారంలోనే ముడి వేసుకోవాలనుకునే జంటలుంటాయి. లాస్‌వేగాస్ ఉన్న క్లార్క్ కౌంటీలో పెళ్లి లైసెన్సులిచ్చే ఆఫీసు పండగపూట కూడా ఉదయం 8 నుంచి అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది. ఇలాంటి పెళ్లిళ్లలో తంతు నడిపించి, లైసెన్సు మీద సంతకం పెట్టే మనిషిని అఫీషియంట్ అంటారు. అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లకు, అక్కడికి వెళ్లే ఆలోచనలో ఉన్న పురోహితులకు ఇది తెలుసుకోదగ్గ దారి.

మన పంచాంగంలో డిసెంబరు మధ్య నుంచి భోగి దాకా ధనుర్మాసం. పెళ్లి ముహూర్తాలుండవు. అమెరికాలోని తెలుగు కుటుంబాల్లో పిల్లలకు, పెద్దలకు ఒకేసారి సెలవు దొరికేదేమో సరిగ్గా అప్పుడే. పెళ్లికొడుకు ఒక రాష్ట్రంలో, పెళ్లికూతురు మరో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తుంటే ఇంకో తేదీ కుదరడం గగనం. అందుకే కొందరు డిసెంబరులో చట్టప్రకారం పెళ్లి కానిచ్చి, జీలకర్రబెల్లం, తలంబ్రాలు మాఘమాసానికి అట్టిపెట్టుకుంటారు. ముహూర్తం చూడకుండా పీటల మీద కూర్చోబెట్టడానికి పురోహితుడు ఒప్పుకోడు, ఒప్పుకోవాలని అడగడమూ సబబు కాదు. చట్టప్రకారం జరిగే ఆ అరగంట వేడుకను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ హుందాగా నడపగల మనిషికి అక్కడ చోటుంది. నా లెక్కలో ఈ పనిలో తెలుగువారికి దొరికే అసలైన ఖాళీ ఇదే. పెళ్లిమంత్రాలు రావాల్సిన పనిలేదు. అమ్మమ్మకు, అమెరికన్ అల్లుడికి ఒకేసారి అర్థమయ్యేలా మాట్లాడటం మాత్రం రావాలి.

సంతకం పెట్టే అర్హత రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. 1962లో కాలిఫోర్నియాలో పుట్టిన యూనివర్సల్ లైఫ్ చర్చ్ లాంటి సంస్థలు ఆన్‌లైన్‌లోనే మినిస్టర్ హోదా ఇస్తాయి. చాలాచోట్ల అది చెల్లుతుంది. టెనెసీ మాత్రం 2019లో దాన్ని కాదంటూ చట్టం తెచ్చింది, ఆ గొడవ కోర్టుకెక్కింది. వర్జీనియాలో కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. న్యూయార్క్ నగరంలో సిటీ క్లర్క్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. కొలరాడోలో జంట తమ పెళ్లి తామే చేసుకోవచ్చు, అఫీషియంట్ అక్కర్లేదు. ఒక రాష్ట్రంలో పనికొచ్చిన కాగితం పక్క రాష్ట్రంలో ఉత్త కాగితం కావచ్చు. ఏ కౌంటీలో పెళ్లో అక్కడి క్లర్కు ఆఫీసుకు ఫోన్ చేయకుండా తేదీ ఒప్పుకోవద్దు.

అంతకంటే ముందు చూసుకోవాల్సింది వీసా. ఎఫ్-1 మీద చదువుతున్నవారు, హెచ్-1బి మీద ఒక కంపెనీకి పనిచేస్తున్నవారు, పని అనుమతి లేని హెచ్-4 వారు దీన్ని సంపాదనగా పెట్టుకోకూడదు. స్నేహితుడి పెళ్లికి పైసా తీసుకోకుండా నిలబడటం వేరు, వెబ్‌సైటులో రేటు పెట్టి బేరానికి కూర్చోవడం వేరు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

వేదపాఠశాలలో చదివినవారి దారి మతపరమైన పనివారికిచ్చే ఆర్-1 వీసా. దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు అదే మత సంప్రదాయంలో సభ్యులై ఉండాలి. మొదట 30 నెలల దాకా ఇస్తారు, పొడిగింపుతో కలిపి ఐదేళ్లు. స్పాన్సర్ చేసిన గుడికే పనిచేయాలి కనుక బయటి పెళ్లి పిలుపు కూడా గుడి ద్వారానే రావాలి. చేతికిచ్చిన సంభావన జేబులో వేసుకోవడం మన ఊళ్లో మామూలే, అక్కడ అది వీసాకే ముప్పు. చదువు సంగతి చూస్తే, తిరుపతిలో 2006లో మొదలైన శ్రీవేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయంలో ఆగమం, పౌరోహిత్యం నేర్పుతారు. దానికి తోడు గడగడా కాకపోయినా తడబడని ఇంగ్లిషు నేర్చుకోండి. ఇలా వెళ్లిన పురోహితులకు చలికాలంలో సందడి థాంక్స్‌గివింగ్ వారాంతంలో ఉంటుంది. నవంబరు నాలుగో గురువారం దాటాక సెలవు రోజులవి, మౌఢ్యం అడ్డురాకపోతే ముహూర్తమూ దొరుకుతుంది. చలికి పెళ్లి హోటల్ హాల్లోకి మారుతుంది కాబట్టి హోమానికి హోటల్ వారితోనూ, అవసరమైతే అగ్నిమాపక శాఖతోనూ ముందే మాట్లాడాలి. లేకపోతే సప్తపది మధ్యలో ఫైర్ అలారం మోగుతుంది.

డబ్బు విషయంలో ఆశ పెద్దగా పెట్టుకోవద్దు. సెలవుల సీజన్‌లో వచ్చే అదనపు రాబడి ఇది, ఇల్లు నడిపే జీతం కాదు. వచ్చిన ఫీజును స్వయం ఉపాధి ఆదాయంగా చూపాలి, ఖర్చులు పోను ఏడాదికి 400 డాలర్లు, అంతకు మించి మిగిలితే స్వయం ఉపాధి పన్ను కూడా కట్టాలి. మంచుకు విమానాలు ఆగే కాలం కాబట్టి దూరపు పెళ్లికి ముందురోజే చేరుకోవాలి, ఆ రాత్రి బస ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాసుకోవాలి.

ఇక తేదీల లెక్క. టెక్సస్‌లో లైసెన్సు తీసుకున్నాక మామూలుగా 72 గంటలు, న్యూయార్క్‌లో 24 గంటలు ఆగాలి. క్రిస్మస్ నాడు చాలా ఆఫీసులు మూతే. ఆ వారంలో పెళ్లనుకునే జంటను ముందు వారమే లైసెన్సు తెచ్చుకోమనండి. పెళ్లయ్యాక సంతకం చేసిన కాగితాన్ని న్యూయార్క్‌లో 5 రోజుల్లో, కాలిఫోర్నియాలో 10 రోజుల్లో తిప్పి పంపాలి. పోస్టాఫీసుకూ సెలవులుంటాయి కనుక క్లర్కు ఆఫీసు చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు పెళ్లికి వెళ్లేటప్పుడే సంచిలో పెట్టుకోండి.