ఇల్లు కట్టించు రైతు మేస్త్రిని ఎంచుకొను విధము

జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతమున వర్జీనియా పొగాకో, ఆయిల్‌పామ్ గెలలో అమ్మగా మిగిలిన సొమ్మును ఏండ్ల తరబడి కూడబెట్టి రైతులు ఇల్లు కట్టుకొనుచుందురు. మొలక శాతము చూడనిదే విత్తనము చల్లని రైతు, ఇంత సొమ్మును మాత్రము ఒకరి మాటపై మేస్త్రి చేతిలో పెట్టుట కద్దు. పంట పోయినచో మరుసటి ఏడు మరల వేయవచ్చును. పునాది చెడిన ఇంటిని సరిచేయుట కొత్తగా కట్టుటకన్న కష్టము. కనుక రైతు సోదరులు ఈ క్రింది విషయములను గమనింపవలెను.

1. పాత పనిని చూడవలెను: ఇప్పుడు కట్టుచున్న ఇల్లు చూచిన చాలదు. రెండు మూడు వానకాలములు గడచిన ఇండ్లను చూపుమని అడుగవలెను. శ్లాబు అడుగున చెమ్మ, గోడలలో బీటలు ఉన్నవేమో పరిశీలింపవలెను. మేస్త్రి ఎదుట లేనపుడు ఆ ఇంటివారిని, గడువుకు ముగించెనా, నడుమ రేటు పెంచెనా అని అడుగవలెను.

2. నేల తెలిసినవాడు కావలెను: జంగారెడ్డిగూడెం పరిసరములలో ఎర్ర ఇసుక నేలలు ఎక్కువ. ఏలూరు దాటి కొల్లేరు వైపు పోయిన నల్ల బంకనేలలు కలవు. నల్లనేల తడిసిన ఉబ్బును, ఎండిన కుంచించుకొని నెఱ్ఱెలు తీయును. దానితోపాటు పునాదియు కదలును. ఎర్రనేలలో నిలిచిన పునాది అచ్చట నిలువకపోవచ్చును. మెట్టలో పేరుపొందిన మేస్త్రి అయినను, నల్లనేలలో కట్టిన ఇల్లు చూపనిదే అచ్చటి పనికి కుదుర్చుకొనరాదు. అట్టి నేలలో పునాదిని ఇంజనీరుచే నిర్ణయింపజేయుట మేలు.

3. రేటులో ఏమున్నదో తెలియవలెను: చదరపు అడుగుకు ఇంత అనిన చాలదు. మెట్లు, సన్‌షేడులు, నీళ్ల తొట్టి, సెప్టిక్ ట్యాంకు, సెంట్రింగు సామాను ఆ రేటులో చేరినవా, లేదా? ఇది కూలి కాంట్రాక్టా, సామానుతో సహానా? సామానుతో అయినచో ఏ సిమెంటు, ఏ ఇనుము, ఏ ఇటుక అన్నది కూడ తేల్చుకొనవలెను. ఇవి తేలిన పిమ్మటనే ఇద్దరు ముగ్గురి రేట్లను పోల్చవలెను.

4. ఒప్పందము వ్రాతలో ఉండవలెను: కొలతలు, సామాను రకము, గడువు, వాయిదాలు వ్రాసి ఇరువురును, ఇద్దరు సాక్షులును సంతకములు చేయవలెను. గోడలను, శ్లాబును తడుపు బాధ్యత ఎవరిదో కూడ వ్రాయవలెను. మామూలు సిమెంటు కాంక్రీటును కనీసము 7 రోజులు, ఫ్లైయాష్ కలిసిన పి.పి.సి. సిమెంటు కాంక్రీటును కనీసము 10 రోజులు తడుపవలెను. ఎండ తీవ్రముగా ఉన్నపుడు 14 రోజులు తడుపుట మంచిది.

5. పని ముందు, పైకము వెనుక: సొమ్ము ముందు ముట్టిన మేస్త్రి వేరొక ఇంటి పనికి మరలవచ్చును. ఉదాహరణకు కూలి మొత్తము 3 లక్షల రూపాయలు అనుకొందము.

బయానా: 15,000
బేస్‌మెంటు ముగిసిన పిమ్మట: 60,000
గోడలు లింటెలు వరకు లేచిన పిమ్మట: 45,000
శ్లాబు పోసిన పిమ్మట: 75,000
ప్లాస్టరింగు ముగిసిన పిమ్మట: 60,000
గచ్చు పని ముగిసిన పిమ్మట: 15,000
మొదటి వానకాలము గడచి, కారుపు లేదని తేలిన పిమ్మట: 30,000

చివరి వాయిదాయే మీ చేతిలోని పగ్గము. దీనిని మేస్త్రితో ముందే చెప్పి ఒప్పించవలెను. పని బాగుగా చేసినవానికి ఆ సొమ్మును తడవు చేయక ఇచ్చుట మీ ధర్మము. ప్రతి చెల్లింపునకు రసీదు తీసికొనవలెను.

6. వివాదము వచ్చినచో: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో గృహ నిర్మాణమును సేవగా పేర్కొనిరి. పని చెడగొట్టిన కాంట్రాక్టరుపై రెండేండ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. అచ్చట మీకు సాక్ష్యము చెప్పునవి ఆ ఒప్పంద పత్రమును, ఆ రసీదులునే.

తక్కువ రేటు చెప్పినవాడు చౌక అనియు, ఎక్కువ చెప్పినవాడు నేర్పరి అనియు తలపరాదు. పాత ఇల్లు చూపి, వ్రాతకు ఒప్పుకొని, పని చేసి పైకము అడుగు మేస్త్రియే నమ్మదగినవాడు.