మేనకోడలి పెరట్లో అనిమోనీలు



లండన్‌లో కొత్తింటి పెరటికి మూడు రకాల అనిమోనీలు తెప్పించావని మీ నాన్న చెప్పాడు. ప్యాకెట్ల మీది బొమ్మలు చూసి మూడింటినీ ఒకే మడిలో పెట్టేయకు. పేరు ఒకటే అయినా వాటి పుట్టిళ్లు వేరు, కోరేవి వేరు.

ఎరుపు, నీలం, తెలుపు రంగుల్లో, నడిమధ్య నల్లటి బొడ్డుతో ఉండేది అనిమోనీ కొరొనేరియా. మధ్యధరా తీరాలది. ఇజ్రాయెల్ దక్షిణాన నెగెవ్ అంచుల్లో చలికాలం వానలు పడ్డాక, జనవరి, ఫిబ్రవరి నెలల్లో నేలంతా ఎర్రబడేది దీనితోనే. 2013లో అక్కడి జనం ఓట్లేసి దీన్ని జాతీయ పుష్పంగా ఎన్నుకున్నారు. ఆ నేల మీద వేసవిలో చినుకు పడదు. ఆకులు ఎండిపోతాయి, దుంప మట్టిలో నిద్రపోతుంది. దీని సాగు కిటుకంతా అందులోనే ఉంది. ఎదిగేటప్పుడు చల్లదనం, తేమ కావాలి; నిద్రలో పొడిగా ఉండాలి.

దుంపలు నల్లగా, ముడతలు పడి, ఎండబెట్టిన ఉసిరి ముక్కల్లా ఉంటాయి. చచ్చిపోయాయనుకుని పారేయొద్దు. గోరువెచ్చని నీళ్లలో 3, 4 గంటలు నానబెడితే ఉబ్బుతాయి. అక్టోబరులో, ఎండ తగిలేచోట, 5 సెంటీమీటర్ల లోతున, 10 సెంటీమీటర్ల ఎడంతో నాటు. మొన కిందికి రావాలి. ఏది మొనో తేలకపోతే పక్కవాటంగా పడుకోబెట్టు, మొలక తన దారి తనే చూసుకుంటుంది. లండన్‌లో చాలాచోట్ల బంకమన్నే. నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది కాబట్టి గరుకు ఇసుక, మాగిన కంపోస్టు కలిపి మడిని ఎత్తు చెయ్యి. కుండీ అయితే మరీ మంచిది, గట్టి మంచు కురిసే రాత్రి గోడవారకు జరపొచ్చు.

రెండోది అనిమోనీ నెమొరోజా. ఇంగ్లండ్ అడవుల సొంత బిడ్డ. చెట్లు ఆకులతో గుబురుకట్టకముందే తెల్లగా పూసి, వేసవికల్లా కనుమరుగవుతుంది. ఎంత నెమ్మదిగా పాకుతుందంటే, ఇది పరుచుకున్న తీరు చూసి ఆ అడవి ఏనాటిదో అక్కడివాళ్లు అంచనా కడతారు. మనసు దోచుకునేది ఇదే. దీని వేరుకొమ్ము మాత్రం ఎండకూడదు; చేతికొచ్చిన రోజే చెట్టునీడన నాటెయ్యి.

మూడోది జపాన్ అనిమోనీ. పేరులో జపాన్ ఉన్నా అసలు చైనాది. 1840ల్లో మొక్కల అన్వేషకుడు రాబర్ట్ ఫార్చ్యూన్ షాంఘైలో సమాధుల మధ్య చూసి ఇంగ్లండుకు పంపాడు. ఆగస్టు నుంచి పూస్తుంది, మీటరు దాటి ఎదుగుతుంది. కుదురుకోవడానికి ఆలస్యం చేసినా, కుదురుకున్నాక ఆగదు. తవ్వితీసినా తెగిన వేరుముక్క మళ్లీ మొలుస్తుంది. మిగతా రెండింటికీ దూరంగా, గోడ పక్కన చోటివ్వు.

ఏ రకమైనా దాని రసం చర్మానికి దురద పెడుతుంది. చేతులకు తొడుగులు వేసుకో, పిల్లాణ్ణి నోట పెట్టుకోనీయకు.

విజయవాడకు నాలుగు కొరొనేరియా దుంపలు పట్టుకురమ్మందట మీ అమ్మ. వద్దని నచ్చజెప్పు. నాటింది పూయడానికి మూడు నెలల చల్లదనం కావాలి, కృష్ణాతీరపు చలికాలం దానికి చాలదు. పైగా అనుమతి పత్రాలు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా దుంపల్ని దేశంలోకి తేకూడదు. ఆమెకు చలికాలం పూలే కావాలంటే కడియం నర్సరీల నుంచి చేమంతి నారు తెప్పించండి.

ఇట్లు,
మీ మేనత్త