పక్కింటి బోరు, నోటి మాట

బుజ్జీ,

పక్కింటాయన స్థలంలో బోరు, ఖర్చు చెరిసగం, గోడ కింద నుంచి మీ ఇంటికి పైపు. ఇన్నాళ్ళూ బాగానే ఉండి, ఇప్పుడు వాళ్ళబ్బాయి వచ్చి "కాగితం ఏదీ?" అంటున్నాడన్నమాట.

కాగితం లేనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదురా. ప్రతి ఒప్పందమూ రాసుకుని తీరాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం అనలేదు. ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకున్నారా, మాటకు ప్రతిఫలం ముట్టిందా అని చూస్తుంది. నువ్వు సగం డబ్బు పెట్టావు, నీ బలం అదే. ఆయన మంచితనం కొద్దీ నాలుగు బిందెలు పట్టుకోనిచ్చి ఉంటే, వద్దన్న రోజు నోరు మూసుకోవాల్సిందే. పైగా అది కోర్టుకెక్కే ఉద్దేశంతో అన్న మాటై ఉండాలి. 1919లో ఇంగ్లండులో బాల్ఫోర్ దంపతుల కేసు ఇలాగే తేలింది. సిలోనులో ఉద్యోగం చేసే భర్త (చేసేది నీళ్ళ ఇంజనీరు పనే!) భార్యకు నెలకు 30 పౌన్లు ఇస్తానని చెప్పి, తర్వాత ఆపేశాడు. భార్యాభర్తలు ఇంట్లో అనుకున్న ఇలాంటి మాటలు కోర్టుకెక్కే ఒప్పందాలు కావన్నారు జడ్జీలు. కానీ బోరు లారీకి వేలకు వేలు పోసినవాళ్ళు ఊసుపోక అనుకున్నారంటే ఎవరు నమ్ముతారు?

అసలు చిక్కు రుజువుతోనే. ఫోన్‌పే చెల్లింపులు, బోరువాడి చీటీ, మోటారు బిల్లు జాగ్రత్త చెయ్యి. "కరెంటు బిల్లులో సగం నాది" అన్న నీ మెసేజీకి పెద్దాయన బొటనవేలి బొమ్మ పెట్టాడన్నావే, దాన్ని చెరిపేవు సుమా.

నా భయం వేరే ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒకరి స్థలాన్ని అనుమతి మీద వాడుకుంటే అది లైసెన్సు. దాన్ని నమ్ముకుని ఖర్చుపెట్టి శాశ్వతమైన పని చేయించుకుంటే, ఇచ్చినవాడు రద్దు చేయలేడని 60వ సెక్షను. పైపు ఆ లెక్కలోకి వస్తుందా అన్నది వాదించి తేల్చుకోవాలి. దాని ముందున్న 59వ సెక్షను చూడు: స్థలం అమ్మితే, కొన్నవాడు ఆ లైసెన్సుకు కట్టుబడనక్కర్లేదు. అబ్బాయి ఇల్లు బేరం పెట్టే ఆలోచనలో ఉన్నాడంటున్నావు కదా!

నోటీసు మాట ఇప్పుడే ఎత్తకు. మాట తప్పిన నాటి నుంచి దావాకు మూడేళ్ళ గడువుంటుంది. పెద్దాయన తిరుగుతుండగానే ఇద్దరినీ కూర్చోబెట్టి రాయించు. ఎవరెంత పెట్టారు, మోటారు కాలితే ఎవరు కట్టాలి, ఏ వేళ ఎవరు స్విచ్చి వేయాలి, ఇల్లు అమ్మితే నీ నీళ్ళ సంగతేమిటి? ఆ చివరిది నిలబడాలంటే రిజిస్ట్రేషన్ చేయించడమే మేలు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరు అనుమతి ఎవరి పేరున ఉందో కూడా అడుగు. చిత్తు రాసి పంపు, మా ప్లీడరుగారికి చూపిస్తాను.

ఇట్లు,
మామయ్య