మూడోసారి వస్తే మందు మార్చకండి, పరీక్ష అడగండి

కడుపుతో ఉన్నప్పుడు కింద దురద, మూత్రానికి వెళ్తే మంట, పెరుగు విరిగినట్టు గడ్డలుగా తెల్లబట్ట. జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం చేసుకునే మన ఆడవాళ్లకు ఇది ఎవరితోనూ చెప్పుకోలేని బాధ. ఇంట్లో అత్తగారితో అనాలంటే సిగ్గు, సూపర్‌వైజర్‌తో అనాలంటే అంతకంటే ఇబ్బంది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ సాక్చీలో మందుల షాపు దగ్గర ఆగడం, "దురదకు ఏదైనా ఇవ్వండి" అని గొంతు తగ్గించి అడగడం, ఇచ్చింది బ్యాగులో వేసుకుని ఆటో ఎక్కేయడం, మామూలుగా జరిగేది ఇదే. నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. నెల తిరక్కుండా మళ్లీ మొదలు.

ముందు ఒక మాట. ఇది శుభ్రత లేక వచ్చిందీ కాదు, ఎవరో అంటించిందీ కాదు. క్యాండిడా అనే ఫంగస్ చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా ఉంటుంది. గర్భంతో ఈస్ట్రోజన్ పెరుగుతుంది, దానితో యోనిలో గ్లైకోజన్ పెరుగుతుంది, ఆ తిండితో ఫంగస్ కూడా పెరుగుతుంది. అందుకే మామూలు రోజుల్లో ఎప్పుడూ రానివాళ్లకు కూడా ఈ నెలల్లో వస్తుంది, తగ్గాక మళ్లీ వస్తుంది. దీనివల్ల కడుపులో బిడ్డకు సాధారణంగా ప్రమాదం లేదు. భర్తకు దురద, ఎర్రదనం లేకపోతే ఆయనకు మందు అక్కర్లేదు.

షాపులో మాత్రం రెండు వస్తువులు తీసుకోకండి. ఒకటి ఫ్లూకొనజోల్ 150. ఒక్క మాత్రతో పనైపోతుందని కౌంటరు మీద తేలిగ్గా ఇచ్చేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు మాత్రల రూపంలో ఇది వద్దు. పాలిచ్చే రోజుల్లో డాక్టరు ఇదే మాత్ర రాయొచ్చు, అప్పుడు వేసుకోవచ్చు. మాత్ర అదే అయినా మీరున్న దశ వేరు. రెండోది స్టెరాయిడ్ కలిపిన క్రీము. క్లోబెటాసోల్, బెక్లోమెథాసోన్ లాంటి పేరు ట్యూబు మీద కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. దురద ఒక్క పూటలో అణుగుతుంది, ఫంగస్ మాత్రం లోపల నిక్షేపంగా పెరుగుతుంది. మన దేశంలో మొండి ఫంగస్ జబ్బులు ఇంతగా పెరగడంలో ఇలాంటి క్రీముల పాత్ర చర్మవైద్యులు పదే పదే చెబుతున్నదే.

గర్భిణులకు సాధారణంగా రాసేది క్లోట్రిమజోల్, యోనిలో పెట్టుకునే బిళ్ల, 100 మిల్లీగ్రాములది, ఆరేడు రాత్రులు. ఇక్కడే షిఫ్టు ఉద్యోగాలవాళ్లు దెబ్బతింటారు. "రాత్రి పడుకునే ముందు" అని చీటీలో ఉంటుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా సి షిఫ్టులో ఉన్నవాళ్లు బిళ్ల పెట్టుకుని డ్యూటీకి వెళ్తే, నిలబడి నడిచే ఎనిమిది గంటల్లో సగం మందు కిందికి కారిపోతుంది. రాత్రి అన్న మాటను పట్టుకోకండి. ఇంటికొచ్చి స్నానం చేసి నిద్రపోయే ముందు, అది ఉదయం ఎనిమిదైనా సరే, అప్పుడు పెట్టుకోండి. ప్లాస్టిక్ గొట్టంతో లోపలికి నెట్టవద్దు, కడిగిన వేలితో చాలు. మూడో రోజుకే దురద పోతుంది, చాలా కోర్సులు అక్కడే ఆగిపోతాయి. మిగిలిన బిళ్లలు బీరువాలో దాచి, మళ్లీ దురద పుట్టినప్పుడు రెండు వాడతారు. ఇలా సగం సగం వాడటం కూడా అది తిరిగి రావడానికి ఒక కారణం.

కోర్సు పూర్తిగా వాడినా రెండోసారి, మూడోసారి వచ్చిందనుకోండి. అప్పుడు కొత్త క్రీము పేరు అడగడం మానేసి పరీక్షలు అడగండి. స్వాబ్ తీసి కల్చర్‌కు పంపమనండి. అన్నీ క్యాండిడా ఆల్బికాన్సే కావు, గ్లాబ్రాటా లాంటి రకాలు మామూలు మందులకు అంత తేలిగ్గా లొంగవు. రెండోది షుగరు పరీక్ష. 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే గర్భకాలపు మధుమేహం కింద లెక్క. మొదటి చెకప్‌లో ఒకసారి, 24–28 వారాల మధ్య ఇంకోసారి చేయాలి. మొదటిసారి బాగానే ఉందని రెండోది ఎగ్గొట్టకండి. షుగరు అదుపులో లేకపోతే ఎన్ని బిళ్లలు వాడినా ఇది వస్తూనే ఉంటుంది.

అసలు ఇది ఫంగసేనా అన్నది కూడా తేల్చుకోవాలి. చేపల నీచు వాసన వస్తే అది బ్యాక్టీరియాది కావచ్చు. నురగతో పచ్చగా, పసుపుగా పోతే మరొకటి. రెండింటికీ మందులు వేరు. నీళ్లలా ధారగా కారినా, రక్తం కనిపించినా, జ్వరమొచ్చినా, పొత్తికడుపు పట్టేసినా షాపు వైపు, డ్యూటీ వైపు కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరు దగ్గర రంగు, వాసన, మొదలైన తేదీ, ఇంతకుముందు వాడిన మందు పేరు చెప్పండి. పాత మందుల అట్టలు ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే సగం పని అయినట్టే.

మే నెలలో ఇక్కడ ఎండ 40 దాటుతుంది. టెర్రీకాట్ యూనిఫాం ప్యాంటు కింద నైలాన్ లోదుస్తులు అసలే వద్దు. వదులుగా ఉండే నూలువి వేసుకుని, ఇంకో జత బ్యాగులో ఉంచుకుని, భోజనం విరామంలో మార్చుకోండి. డెట్టాల్ నీళ్లతో, సువాసన సబ్బులతో లోపల కడగొద్దు. పెరుగు తింటే పోతుందని చాలామంది చెబుతారు. దానికి గట్టి ఆధారం లేదు. తినండి, మంచిదే, లోపల మాత్రం రాయకండి.

కాన్పు తర్వాత కథ మారుతుంది. సిజేరియన్‌కు వాడిన యాంటీబయాటిక్స్ తర్వాత ఫంగస్ మళ్లీ రావచ్చు. అది తగ్గాక పాలిచ్చే నెలల్లో ఈస్ట్రోజన్ పడిపోయి లోపల పొడిబారుతుంది. ఆ మంటను కూడా పాత జబ్బే అనుకుని ఫంగస్ మందు వాడేవాళ్లున్నారు. పొడికి ఆ మందుతో ఉపయోగం లేదు, చూపించుకోండి.

ఇక బిడ్డ నోరు. నాలుక మీద తెల్లగా ఉంటే తడి గుడ్డతో మెల్లగా తుడవండి. పోతే పాలు. పోకపోతే, బుగ్గల లోపల కూడా ఉంటే, ఫంగస్ అయ్యుండొచ్చు. అప్పుడు తల్లి చనుమొనలకూ బిడ్డ నోటికీ ఒకేసారి మందు వాడాలి, లేకపోతే ఇద్దరూ ఒకరికొకరు అంటించుకుంటూనే ఉంటారు. పెద్దవాళ్లు తేనె రాయమంటారు. ఏడాది లోపు పిల్లలకు తేనె వద్దు. బోరోగ్లిజరిన్ అసలే వద్దు. మైకొనజోల్ జెల్ చిక్కగా ఉండి పసిపిల్లల గొంతుకు అడ్డుపడొచ్చు కాబట్టి డాక్టరు చెప్పకుండా వేయకండి. బిడ్డ నోరు శుభ్రంగా ఉండి మీకే చనుమొన నొప్పి అయితే, ముందు బిడ్డ నోటితో పట్టుకునే తీరు సరిచూపించుకోండి. ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది.

డ్యూటీలో చేరాక పంపు వాడేవాళ్లు పాలు తగిలే భాగాలన్నీ రోజూ మరిగించాలి. పిండిన పాలు ఐసు ప్యాకుల సంచిలో ఉంచితే 24 గంటల దాకా ఉంటాయి, బయట ఎండలో నమ్మకం లేదు. ఇన్‌ఫెక్షన్ ఉన్న రోజుల్లో పిండినవి అప్పటికప్పుడు పట్టించేయండి. ఫ్రీజరులో పెట్టినంత మాత్రాన క్యాండిడా చావదు.

ఆఫీసులో జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. సెలవు చీటీలో "గర్భధారణకు సంబంధించిన అనారోగ్యం" అన్న ఒక్క మాట చాలు, డాక్టరు సర్టిఫికెట్‌లోనూ అంతే రాయమనండి. టాటా కంపెనీ ప్రసూతి ప్రయోజనం ఇవ్వడం మొదలుపెట్టింది 1928లో, దేశమంతటికీ చట్టం వచ్చింది 1961లో. ఈ ఊళ్లో ఈ హక్కు అడగడానికి మొహమాటపడటం నాకు వింతగానే ఉంటుంది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు వచ్చింది. గర్భం వల్ల, కాన్పు వల్ల అనారోగ్యమైతే రుజువు చూపి దానిపైన ఇంకో నెల వరకూ జీతంతో అడగొచ్చు. తిరిగి చేరాక బిడ్డకు 15 నెలలు నిండేదాకా మామూలు విశ్రాంతి కాక రోజుకు రెండు పాలిచ్చే విరామాలు. 50 మంది ఉన్న చోట శిశు సంరక్షణ గది పెట్టాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లనివ్వాలి. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇవే ఉన్నాయి.

ఆదిత్యపూర్‌లో కాంట్రాక్టరు కింద చేసేవాళ్లయితే మీ జీతం చీటీలో ఈఎస్ఐ కోత ఉందో లేదో ఈ నెలే చూసుకోండి. కోత ఉంటే కార్డు నంబరు అడిగి తీసుకోండి. అక్కడి ఈఎస్ఐ ఆసుపత్రిలో చూపించుకోవడానికైనా, ప్రసూతి సెలవు డబ్బుకైనా ఆ నంబరే అడుగుతారు. కాన్పుకు ముందు రెండు కంట్రిబ్యూషన్ కాలాల్లో కలిపి 70 రోజుల చందా ఉండాలి కాబట్టి, ఏడో నెలలో మొదలుపెడితే ఆలస్యం.