నూనె వేడెక్కితే కాలేది మన డీజిలే!

హైడ్రాలిక్ యంత్రాల పరిశోధనకు ప్రభుత్వ సొమ్ము ఎలా వస్తుంది? అడగడంలో చిన్న రైతు చేయగలిగింది ఏమిటి?

రెండెకరాల రైతుకు సొంత ట్రాక్టరు ఉండదు. బాడుగకు పిలిపించుకుంటాడు. ఫారం పాండ్ తవ్వించాలంటే జేసీబీని గంట లెక్కన మాట్లాడుకుంటాడు. బోరు వేయించాలంటే అడుగు లెక్కన కడతాడు. బండి మనది కాకపోయినా అది తాగే డీజిలు ఖర్చు మనమిచ్చే బాడుగలోనే ఉంటుంది. ఆ డీజిల్లో ఎంత భాగం పనికి పోతోంది, ఎంత భాగం ఊరికే వేడిగా పోతోంది? ఈ వృథాను తగ్గించే పరిశోధనకు ఎవరు డబ్బు పెట్టాలి, వాళ్ళను ఎలా అడగాలి? ఈ వారం ఈ విషయం తెలుసుకుందాం.

నూనె బలం అంటే ఏమిటి?

మూసిన గొట్టంలో ఉన్న నూనెను ఒక చోట నొక్కితే, ఆ ఒత్తిడి అన్ని వైపులా సమానంగా పాకుతుంది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రమిది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దీంతోనే హైడ్రాలిక్ ప్రెస్సు చేశాడు. ట్రాక్టరు వెనక మూడు చోట్ల తగిలించి, నూనె బలంతో పనిముట్టును ఎత్తి దించే పద్ధతిని హ్యారీ ఫెర్గూసన్ 1930లలో రైతుల పొలాల్లోకి తెచ్చాడు. మనం ఇప్పుడు 'లిఫ్టు' అంటున్నది అదే.

దీని బలం ఎంతో చిన్న లెక్కతో చూడండి. ట్రాలీని ఎత్తే జాకీలో పిస్టను అడ్డకొలత 10 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 78.5 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద నూనె 150 కిలోల ఒత్తిడి పెడితే మొత్తం 11,775 కిలోలు, అంటే దాదాపు 12 టన్నుల తోపు. అరచేతి పాటి ఇనుప బిళ్ళ ఇసుక ట్రాలీని లేపుతుందంటే కారణం ఇదే.

నూనెకు బదులు గాలిని నొక్కి పంపినా పని జరుగుతుంది. బోరు బండిలో కంప్రెసరు గాలి రాడ్ల గుండా కిందికి దిగి, అడుగున ఉన్న హేమరును కొట్టిస్తుంది. రాతి పొడిని పైకి ఊదేది కూడా ఆ గాలే. నూనెతోనూ గాలితోనూ నడిచే ఈ యంత్రాల శాస్త్రాన్ని ఇంజనీర్లు 'ఫ్లూయిడ్ పవర్' అంటారు.

డీజిలు ఎక్కడ పోతోంది?

బోరు మోటారు ఫుల్లుగా ఆడుతోంది. మీకు కావలసింది సగం నీళ్ళే. గేట్‌వాల్వు సగం మూస్తారు. నీళ్ళు తగ్గుతాయి గాని కరెంటు ఖర్చు సగానికి పడిపోదు. హైడ్రాలిక్ బండిలో కూడా ఇదే తంతు. ఇంజను తిరుగుతున్నంతసేపూ పంపు నూనెను తోస్తూనే ఉంటుంది. డ్రైవరు లీవరును కొంచెం కదిపితే వాల్వు కొంచెమే తెరుచుకుంటుంది. ఒత్తిడి మీద ఉన్న నూనె ఆ సన్నటి సందులోంచి దూరేటప్పుడు దాని బలం చచ్చి, వేడిగా మారుతుంది. పనికి రాని నూనె ట్యాంకుకు తిరిగిపోతుంది. సీళ్ళు అరిగి లోపల కారే నూనెది మరో నష్టం. గాలి యంత్రాల్లోనైతే గాలిని నొక్కేటప్పుడే చాలా శక్తి వేడిగా పోతుంది.

ఒక మాట గమనించాలి. మామూలుగా దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు బలం ఎక్కువ భాగం నాగలిని లాగడానికే పోతుంది. లిఫ్టు వాటా తక్కువ. జేసీబీ, ప్రొక్లెయినర్ లాంటి తవ్వే యంత్రాల్లో మాత్రం తవ్వే పనంతా నూనె బలం మీదే నడుస్తుంది. వృథా ఎక్కువగా వెతకవలసింది అక్కడే.

అమెరికాలో ఎలా అడిగారు?

ఈ వృథాను తగ్గించడానికి ప్రభుత్వాన్ని డబ్బు అడిగి తెచ్చుకున్న వాళ్ళ కథ ఒకటి ఉంది. దూరదేశపుదే అయినా మనకు పనికొచ్చే పాఠం అందులో ఉంది.

అమెరికాలో పంపులు, వాల్వులు, సిలిండర్లు చేసే కంపెనీలకు ఒక సంఘం ఉంది. పేరు నేషనల్ ఫ్లూయిడ్ పవర్ అసోసియేషన్. 1953లో పెట్టారు. పరిశోధన అనేది ఏ ఒక్క కంపెనీ మోయలేని ఖర్చు. ఒకరు ఖర్చు పెట్టి కనిపెడితే పక్కవాడూ వాడుకుంటాడు. అందుకని ఎవరికి వారు వెనకాడతారు. ఇలాంటి చోటనే ప్రభుత్వ సొమ్ము అవసరమవుతుంది.

2006లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్, మిన్నెసోటా యూనివర్సిటీ కేంద్రంగా ఒక పరిశోధన సంస్థకు సొమ్ము మంజూరు చేసింది. మొదటి ఐదేళ్ళకు ఒకటిన్నర కోటి డాలర్లు. ఇందులో ఏడు విద్యాసంస్థలు కలిశాయి. మిన్నెసోటాతో పాటు జార్జియా టెక్, ఇల్లినాయి, పర్డ్యూ, వాండర్‌బిల్ట్, నార్త్ కరోలినా ఏ అండ్ టీ, మిల్వాకీ స్కూల్ ఆఫ్ ఇంజనీరింగ్. ప్రభుత్వం ఇచ్చిన దానికి తోడు యూనివర్సిటీలు, కంపెనీలు కూడా తమ వాటా వేసుకున్నాయి. 'మీరే అంతా పెట్టండి' అనలేదు.

ఫలితం ఏమైనా వచ్చిందా? వచ్చింది. పర్డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ మోనికా ఇవాంటిసినోవా బృందం ఒక చిన్న తవ్వే యంత్రాన్ని మార్చి కట్టింది. సన్నటి సందులోంచి నూనెను దూర్చే వాల్వులను తీసేసి, ఎంత నూనె కావాలో అంతే తోసే పంపులను పెట్టింది. మట్టి తవ్వి లారీకెత్తే పరీక్షలో, మామూలు యంత్రంతో పోలిస్తే సుమారు 40 శాతం ఇంధనం తగ్గింది. ఇది పరీక్షా యంత్రం మీద వచ్చిన లెక్క. మన ఊళ్ళో తిరిగే ప్రతి బండికీ ఇంతే ఆదా వస్తుందని అనుకోకూడదు.

తర్వాత 2012లో మరో ముఖ్యమైన పని జరిగింది. అమెరికా ఇంధన శాఖకు చెందిన ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల, ఈ కంపెనీల సంఘం కలిసి దేశం మొత్తం లెక్క తీశారు. నూనె, గాలి యంత్రాలకు ఇచ్చిన శక్తిలో సగటున 22 శాతమే పనిగా మారుతోందని తేలింది. కొన్నిట్లో 9 శాతం కూడా లేదు. బాగా ఉన్నవాటిలో 60 శాతం దాకా ఉంది. అంటే సగటున నూటికి 78 పాళ్ళు నష్టమే! ఈ లెక్క చేతికి వచ్చాక ఇంధన శాఖను అడగడానికి గట్టి ఆధారం దొరికింది. సైన్స్ ఫౌండేషన్ సొమ్ము పదేళ్ళ గడువుతో 2016లో ముగిసినా పని ఆగలేదు. పొలాల్లో, గనుల్లో తిరిగే బండ్ల హైడ్రాలిక్స్ మీద పర్డ్యూ, మిన్నెసోటా యూనివర్సిటీలకు ఆ తర్వాత ఇంధన శాఖ ప్రాజెక్టులు ఇచ్చింది.

ఇందులో మనం నేర్చుకోవలసినవి మూడు: ఒంటరిగా కాక కలిసి అడిగారు. తమ వాటా ముందు చూపించారు. నష్టాన్ని అంకెల్లో పెట్టారు.

మన దేశంలో తలుపు ఎక్కడుంది?

పరిశోధనకు సొమ్ము ఇచ్చే పెద్ద సంస్థగా కేంద్రం 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌ను ఏర్పాటు చేసింది. ఐదేళ్ళలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్చాలని లక్ష్యం. అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం బయటి నుంచి రావాలని చెప్పారు. యంత్రాలు తయారు చేసే పరిశ్రమ కోసం భారీ పరిశ్రమల శాఖ 2014లో ఒక పథకం తెచ్చింది. దాని రెండో దశ 2022 జనవరిలో ప్రకటించారు. మొత్తం 1,207 కోట్లలో 975 కోట్లు ప్రభుత్వానివి, 232 కోట్లు పరిశ్రమ వాటా. చూశారా, ఇక్కడ కూడా అడిగేవాడి వాటా ఉంది.

ఈ సొమ్ముకు రైతు నేరుగా దరఖాస్తు పెట్టలేడు. కాలేజీ గాని, పరిశోధన సంస్థ గాని, కంపెనీ గాని పెట్టాలి. అయితే వాళ్ళు ఏ సమస్య మీద పని చేయాలో చెప్పే అవకాశం రైతుకు ఉంది. ఆ దారులు ఇవి:

1. కృషి విజ్ఞాన కేంద్రం. ప్రతి కేంద్రానికీ శాస్త్రీయ సలహా కమిటీ ఉంటుంది. అందులో రైతులకు కూడా చోటు ఉంటుంది. మన అనంతపురం రైతులకు రెడ్డిపల్లె కేంద్రం ఉంది.

2. వ్యవసాయ యూనివర్సిటీ జరిపే మండల పరిశోధన, విస్తరణ సలహా సమావేశాలు. రైతుల సమస్యలు శాస్త్రవేత్తల ముందుకు వచ్చే చోటు ఇది. తేదీ కృషి విజ్ఞాన కేంద్రంలో తెలుస్తుంది.

3. మడకశిర, బాపట్లలోని వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాలలు. మడకశిర ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.

4. గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. మన జిల్లాలోనే ఉన్నా చాలామంది దాని గడప తొక్కలేదు.

5. మీరే ఏదైనా పనిముట్టు చేసి ఉంటే, 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్ దీని కేంద్రం. చదువు లేని కమ్మరి, వడ్రంగి, రైతు చేసిన కొత్త వస్తువులను గుర్తించడమే దీని పని. డిగ్రీ అడగరు.

6. చదువుకున్న పిల్లలు యంత్రాల మీద చిన్న కంపెనీ పెట్టాలనుకుంటే రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద 2018-19లో మొదలైన కార్యక్రమం ఉంది. ఆలోచన దశలో 5 లక్షల వరకు, తర్వాతి దశలో 25 లక్షల వరకు గ్రాంటు పెట్టారు. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ దీనికి మార్గదర్శకుల్లో ఒకటి. ఏ సంవత్సరం ఎప్పుడు దరఖాస్తులు తీసుకుంటారో ముందుగా కనుక్కుని వెళ్ళండి.

లెక్క లేని వినతికి విలువ లేదు

నాకు తెలిసిన ఒక రైతు ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. ఆయన కాగితంలో ఉన్నవి రెండే లైన్లు: 'బాడుగలు మండిపోతున్నాయి. బండ్లు డీజిలు ఎక్కువ తాగుతున్నాయి. చర్య తీసుకోగలరు.' ఆ కాగితం ఫైల్లో పడింది, అక్కడే ఉంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఎన్ని లీటర్లు, ఎన్ని గంటలు, ఎంత మట్టి, ఎంతమంది రైతులు అన్నది లేదు. శాస్త్రవేత్త దాన్ని పట్టుకుని పై వాళ్ళను ఏమని అడగగలడు?

మీరు ఇలా చేయండి. ఊళ్ళో పదిమంది రైతులు గాని, రైతు ఉత్పత్తిదారుల సంఘం గాని ఒక నోటుబుక్కు పెట్టండి. బండి పనికి దిగే ముందు ట్యాంకును మూతి దాకా నింపించండి. పని అయ్యాక మళ్ళీ మూతి దాకా నింపండి. రెండోసారి పట్టిన డీజిలే ఆ పనికి అయిన ఖర్చు. పక్కనే పని గంటలు, గుంత పొడవు, వెడల్పు, లోతు రాయండి. నేల ఎర్రదా, నల్లదా, రాళ్ళున్నాయా అన్నదీ రాయండి.

ఉదాహరణకు ఒక గుంత తవ్వడానికి 20 గంటలు, గంటకు 5 లీటర్లు అయిందనుకోండి. మొత్తం 100 లీటర్లు. అందులో నాలుగో వంతు మిగిలినా 25 లీటర్లు. ఊళ్ళో 40 గుంతలు తవ్వితే 1,000 లీటర్లు. ఈ అంకెలు నేను మాదిరికి వేసినవి. మీ అంకెలు మీ పొలంలోనే ఉన్నాయి. ఒక సీజను రాస్తే చాలు, ఆ పుస్తకం వినతిపత్రం కంటే గట్టిగా మాట్లాడుతుంది. చివర మీ వాటా కూడా రాయండి: 'పరీక్షకు పొలం ఇస్తాం, బండి మాట్లాడి పెడతాం, లెక్కలు రాస్తాం.' డబ్బు లేని రైతు ఇవ్వగలిగే వాటా ఇదే. పరిశోధన చేసేవాళ్ళకు ఇది తక్కువేమీ కాదు.

ట్రాక్టరు కొనేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ప్రభుత్వ పరీక్షా కేంద్రాలు ఇచ్చే టెస్టు రిపోర్టులో లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుందో, పంపు ఎంత నూనె తోస్తుందో రాసి ఉంటుంది. డీలరును అడిగి చూడండి.

పరిశోధన వచ్చేదాకా చేయగలిగినవి

• పనిముట్టును ఎత్తి, ఇంజను ఆపి, ఎత్తును గుర్తు పెట్టుకోండి. అరగంట తర్వాత చూడండి. బాగా దిగిపోయి ఉంటే లోపల నూనె కారుతోంది. సీళ్ళు చూపించండి.

• నూనె, ఫిల్టరు పుస్తకంలో చెప్పిన గంటలకే మార్చండి. దుమ్ము పడిన నూనె పంపును తినేస్తుంది.

• పని లేనప్పుడు ఇంజను ఆపించండి. బాడుగ ఇచ్చేది మీరే, చెప్పడానికి మొహమాటపడొద్దు.

• పైపు సన్నగా కారుతుంటే చేత్తో తడమకండి. ఒత్తిడి మీద ఉన్న నూనె చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. కారే చోటును అట్టముక్కతో చూడాలి.

• ఎత్తిన ట్రాలీ కిందికి, గట్టి ఆసరా పెట్టకుండా ఎవరూ పోకూడదు.

సోదరులారా! పరిశోధన సొమ్ము పెద్దవాళ్ళ వ్యవహారమని ఊరుకుంటే, పెద్దవాళ్ళకు కావలసిన యంత్రాల మీదే పరిశోధన జరుగుతుంది. రెండెకరాల రైతు కట్టే బాడుగ ఎవరి లెక్కలోకీ రాదు. ఈ వేసవిలో గుంతలు తవ్వించేవాళ్ళు, కొత్త నోటుబుక్కు ఒకటి కొనండి. మొదటి పేజీలో తేదీ, బండి రకం, డీజిలు లీటర్లు రాయండి. సీజను అయ్యాక ఆ పుస్తకంతో పదిమంది కలిసి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళండి.