అహోబిలం: కొండా గుడీ వేరు కాని చోటు

నరసింహస్వామి కథను మన పిల్లలకు చెప్పేటప్పుడు స్తంభం దగ్గర మొదలుపెట్టి, హిరణ్యకశిపుని వధతో ముగిస్తాం. ఆ కథ జరిగిందని పెద్దలు నమ్మే చోటు గురించి ఈసారి కొంచెం చెప్పుకుందాం.

అహోబిలం నల్లమల అడవుల్లో, నేటి నంద్యాల జిల్లాలో ఉంది. (2022 వరకు కర్నూలు జిల్లా.) దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం సుమారు 8 కిలోమీటర్లు. స్వామి తొమ్మిది రూపాల సన్నిధులు ఆ చుట్టుపక్కల కొండల్లో, అడవిలో విడివిడిగా ఉన్నాయి. కారంజ నరసింహునికి కానుగ చెట్టు మీద, ఛత్రవట నరసింహునికి గొడుగులాంటి మర్రి మీద పేర్లు వచ్చాయి. జ్వాలా నరసింహుని దర్శనానికి భవనాశిని ఏటి వెంట బండరాళ్ళు దాటుతూ నడవాలి. ఇక ఉగ్రస్తంభం శిల్పి చెక్కినది కాదు, చీలినట్టు నిలబడిన కొండ శిఖరం! స్వామి వెలువడిన స్తంభం అదేనని భక్తుల విశ్వాసం. అంటే ఇక్కడ చెట్టును, ఏటిని, రాతిని తీసేస్తే స్థలపురాణం సగం పోతుంది.

ఆ అడవిలో మనుషులూ ఉన్నారు. చెంచులక్ష్మి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి తమ అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. కనుమనాడు మొదలయ్యే పారువేట ఉత్సవంలో వారు పల్లకి వైపు బాణాలు వేస్తారు. దేవుడి మీద బాణమేమిటని పిల్లలు తప్పక అడుగుతారు. అది అత్తవారింటి చనువు! ఆ తరువాత జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో ముప్పైకి పైగా గ్రామాలు, సుమారు నలభై రోజులు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామే ఊరూరా వచ్చి పిలుస్తున్నాడని అక్కడివారి భావన.

ప్రకృతి, సంస్కృతి కలిసిన ఇలాంటి నేలల కోసం యునెస్కో 1992లో ఒక ప్రత్యేక వర్గాన్ని ఏర్పరచింది. న్యూజిలాండ్‌లోని టొంగరిరో పర్వతాలు 1990లో ప్రకృతి సంపదగా జాబితాలో చేరాయి. మావోరీలకు అవి పవిత్రమైనవి కనుక 1993లో ఈ కొత్త వర్గంలో మొదటగా గుర్తింపు పొందాయి. మన పెద్దలకు ఈ సంగతి ఏ వర్గమూ లేకుండానే తెలుసు.

సెలవులకు ఇండియా వెళ్ళినప్పుడు మనలో చాలామంది కారులో వెళ్ళి, ఎగువ, దిగువ సన్నిధులు చూసి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చేస్తాం. వీలైతే ఒక రాత్రి ఉండండి. దారి తెలిసినవారిని తోడు తీసుకుని పిల్లలను ఒక్క జ్వాలా నరసింహుని దాకా అయినా నడిపించండి. నీళ్ళ సీసాలు, ప్లాస్టిక్ సంచులు అడవిలో వదలకుండా వెనక్కి తెచ్చేయండి.